నాలుగు గంటల టీ, తైవాను చిరుతిండి



"టీ పెట్టుటకు కూడ పాఠము కావలెనా?" యని మీరు నవ్వుదురేమో. నవ్వినను మాకు సమ్మతమే. ఇంటి పనులలో లెక్కకు రాని పని యేదైన నున్నచో అది ఈ నాలుగు గంటల పనియే. ఉదయపు ఫలాహారమున కొక పేరున్నది. మధ్యాహ్న భోజనమున కొక పీట యున్నది. రాత్రి భోజనమున కొక వేళ యున్నది. నాలుగు గంటలకు మాత్రము బిడ్డలు బడినుండి వచ్చి, సంచులు గోడవారగా విసరి, "అమ్మా, తినేదానికి ఏముంది?" అని యడుగుదురు. మగవారు వచ్చి కుర్చీలో కూర్చుండి యేమియు నడుగరు. అడుగకుండుటయే వారి యడుగుట. అందరికిని పెట్టి, గిన్నెలు కడిగి, అడుగున మిగిలి చల్లారిన టీని పొయ్యి ప్రక్కనే నిలుచుండి గుటుక్కున మ్రింగువారము మనము. ఈ నెల ఆ వేళను గూర్చియే వ్రాయదలచితిమి. అందులకు కారణము మా యరుగుమీద స్తంభము చాటున కూర్చున్న యొక చిన్నది.

మా యూరు దొరవారిసత్రము. చెన్నపట్టణమునుండి గూడూరునకు పోవు రైలు దారిలో నొక చిన్న స్టేషను. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడునంతవరకు నెల్లూరు జిల్లాలో నుంటిమి. నాటినుండి తిరుపతి జిల్లావారమైతిమి. మా మండలమునందే నేలపట్టు చెరువున్నది. ఏటేట గూడబాతులు వచ్చి యచటి నీళ్ళలోని చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను చేసికొని, ఎగురనేర్పి తీసికొనిపోవును. పులికాటు సరస్సున ఫ్లెమింగో పక్షులు దిగును. వచ్చిన పక్షిని పొమ్మనని చోటు మాది. ఊరి పేరులోనే సత్రమున్నది. సత్రమనగా బాటసారికి, ఎవరివాడవని యడుగక, ఇంత యన్నము పెట్టు చోటు గదా!

ఈ ప్రాంతపు ముఖము గడచిన యిరువదేండ్లలో చాల మారినది. సత్యవేడు, వరదయ్యపాళెము ప్రక్కల శ్రీసిటీ యను కర్మాగారముల పట్టణము 2008లో మొదలయ్యెను. తైవాను దేశపు ఫాక్స్‌కాన్ వారు 2015లో అచట ఫోనులు కూర్చుట యారంభించిరి. తడ మండలమునందలి మాంబట్టులో తైవాను వారిదే యైన అపాచీ పాదరక్షల కర్మాగార మున్నది. ఇట్టి చోట్లకు చుట్టుప్రక్కల పల్లెలనుండి వేలకొలది ఆడుబిడ్డలు కంపెనీ బస్సులెక్కి పోవుచున్నారు. నాట్లకును కలుపులకును పోయిన తల్లుల కూతుండ్రు నేడు మెడలో గుర్తింపు కార్డు వ్రేలాడుచుండగా రహదారి యొడ్డున నిలుచుందురు.

మేము చెప్పు చిన్నది అట్టి కర్మాగారములలో నొకదానియందు పని చేయుచున్నది. మా వీధి చివరి యింటి కోడలు. పెండ్లియై యింకను ఏడాది నిండలేదు. చీకటితోనే లేచి, వండి, క్యారియరు కట్టుకొని బస్సెక్కును; మూడున్నరకు మరల దిగును. దిగి తిన్నగా ఇంటికి పోదు. మా యరుగెక్కి, వీధికి కనబడకుండ స్తంభము చాటున కూర్చుండి, సంచిలోనుండి యేదో తీసి గబగబ తిని, పైట చెంగుతో మూతి తుడిచికొని పోవును. ఒక నెల దినములు కిటికీనుండి చూచితిమి. మొదట మాకు కోపము వచ్చిన మాట దాచము. మేము తాతగారి యొద్ద వసారాలో కూర్చుండి కావ్యములు చదివినవారము. ఆడువారు వీధిని కూర్చుండి తినరాదని వారు చెప్పగా విని పెరిగితిమి. మా కూతునకును అదియే చెప్పియుంటిమి.

ఒకనాడు తలుపు తీసి బయటికి వచ్చితిమి. ఆ పిల్ల యులికిపడి చేతిలోనిది వెనుకకు దాచెను. చూచితిమి గదా, అది యొక సగము కొరికిన బన్ను.

"ఇంటికి పోయి కుదురుగా తినొచ్చు కదమ్మా?" అని యడిగితిమి.

"ఇంట్లో అందరూ తిన్నాక తినాలక్కా. అప్పటికి పొద్దు పోద్ది. పన్నెండింటికి తిన్నదే కదా, బస్సు దిగేతలికి కళ్ళు తిరగతాయి. కొనుక్కొని తిన్నానని తెలిస్తే డబ్బులు పాడు చేస్తన్నానంటది మా అత్త."

"జీతం నీదే కదా?"

"జీతం నా పేరు మీదే పడద్ది. కార్డు మా అత్త దగ్గరుంటాది." ఆ పిల్ల యీ మాట ఫిర్యాదువలె చెప్పలేదు. ఎండ గాచుచున్నదని చెప్పినట్లు చెప్పినది.

సోదరీమణులారా, ఆనాడు మేము సిగ్గుపడితిమి. ఊరి పేరు సత్రము. ఆ యూర నొక కోడలు, తాను సంపాదించిన పైకముతో కొన్న బన్నును, పరాయి యింటి స్తంభము చాటున దొంగవలె తినుచున్నది. దానిని చూచి మాకు మొదట కలిగినది జాలి కాదు, కోపము!

కొన్ని దినములకు ఆ పిల్ల యొక కాగితపు పొట్లము తెచ్చెను. వారి సంవత్సరాదికి పై యధికారి యొకామె తన క్రింది పనివారికందరికిని తలకొక తీపిబిళ్ళ పంచినదట. అది అనాసపండు పాకమును వెన్న కలిపిన పిండిలో పొదిగి కాల్చిన చదరపు బిళ్ళ. వారి దేశభాషలో అనాసను "ఓంగ్ లాయి" యందురు. ఆ శబ్దమునకే "సమృద్ధి వచ్చును" అను నర్థము కూడ స్ఫురించునట. అందుచే దానిని శుభమునకు పంచుదురు. ఈ పిల్ల దానిని తినక ఇంటికి తీసికొనిపోయి అత్తగారి చేతిలో పెట్టగా ఆమె త్రోసివేసి, "పాములూ కప్పలూ తినేవోళ్ళ చేతి తిండి నా ఇంట్లోకి తేబాక!" అన్నదట. మరునాడది మా యింటికి వచ్చినది. మా పాపయు ఆ పిల్లయు చెరి సగము తినిరి.

ఆ రాత్రి మా పాప తైవాను ఎక్కడనున్నదని యడుగగా మా వారు పటము విప్పి చూపిరి. అది చీనాకు తూర్పున సముద్రములోని దీవి. మన ఆంధ్ర రాష్ట్రములో నాలుగవ వంతుకైన రాదు. జనులు సుమారు రెండు కోట్ల ముప్పది లక్షలు. 1895 మొదలు 1945 వరకు జపాను వారి యేలుబడిలో నుండెను. వారి తిండిని గూర్చి తెలిసికొన్నకొలది మాకు ఆశ్చర్యము హెచ్చినది.

వీధి తినుబండారములను వారు "సియావొ చి" యందురు. "సియావొ" యనగా చిన్నది, "చి" యనగా తినుట. అచ్చముగా మన "చిరుతిండి"! అంతియ కాదు. ఆ దీవిలో చాలమంది మాటలాడు ఒక భాషలో టీని "తే" యందురు. డచ్చివారి యోడలెక్కి దేశములు తిరిగిన శబ్దమదియే. దాని నుండియే ఇంగిలీషు వారి "టీ" పుట్టినది. మన "తేయాకు" మొదటి యక్షరమందును ఆ ధ్వనియే వినబడుచున్నది. ఉత్తర చీనావారి "చా" యను మాట మెట్టదారిని పారసీకముమీదుగా నడచి వచ్చి "చాయ్" అయినది. కావున హైదరాబాదువారు చాయ్ త్రాగుదురు, మనము టీ త్రాగుదుము. ఆకు ఒక్కటే, వచ్చిన దారులు రెండు.

టీ త్రాగుట మన దేశమున పురాతనాచారమని కొందరి భ్రమ. ఇంగ్లాండులో బెడ్‌ఫర్డు ప్రభువుగారి భార్య యానా, 1840 ప్రాంతమున, మధ్యాహ్న భోజనమునకును రాత్రి భోజనమునకును నడుమ నీరసము తాళలేక టీయు రొట్టెముక్కలును తన గదికి తెప్పించుకొనెననియు, అదియే సాయంకాలపు టీ యయ్యెననియు చెప్పుదురు. ఈ కథలో మాకు నచ్చినది ఒక్కటి. ఆ మర్యాదకు మూలము ఒక స్త్రీ ఆకలి! ఆమె ప్రభుపత్ని గావున ఆకలి మర్యాదయైనది. మా చిన్నది కూలి కోడలు గావున అదే యాకలి తప్పైనది. ఇక మన దేశమున 1903లో టీపై పన్ను విధించు చట్టము వచ్చి, ఆ పైకముతో టీని ప్రచారము చేసిరి. తరువాతి దశాబ్దములలో స్టేషనులయందును సంతలయందును పోసి జనులకు రుచి మప్పిరి. మన ముత్తవ్వలకు తెలియని పానీయము మన బామ్మలకు లేనిదే ప్రొద్దుపోనిదయ్యెను.

తైవానునకును మనకును ఆకుమూలమున బంధుత్వము గలదు. ఆ దీవి టీ 1869లో ఓడలెక్కి తిన్నగా న్యూయార్కునకు పోయి పేరు తెచ్చుకొన్నది. 1925లో జపాను వారు మన అస్సాము టీ విత్తనములు తెప్పించి, ఆ దీవి నడుమనున్న సూర్యచంద్ర సరస్సు చెంతను నాటించిరి. కావున నేడచట త్రాగు ఎఱ్ఱ టీలో మన మన్నుబిడ్డ గూడ కొంత యున్నది. పాములు కప్పలు తినువారని మనము త్రోసివేసినవారి కప్పులో మన యాకే!

ఆ దేశపు వీధులలో రాత్రి సంతలు ప్రసిద్ధములు. రాజధానియైన తైపేలో షిలిన్ సంత యున్నది. కీలుంగ్ రేవులో ద్యెన్‌చి గుడి ముంగిట చిరుతిండి యంగళ్ళు వరుసతీరి యుండును. మన సూళ్ళూరుపేటలో రేయింబవళ్ళు తలుపు మూయని చెంగాళమ్మ గుడి తిరునాళ్ళ నాటి సందడి తలచుకొనుడు. అట్టిది అచట ప్రతిరాత్రియు జరుగును. ఆడువారు, మగవారు, ముసలివారు, పనినుండి వచ్చినవారు పొగలు గ్రక్కు బండియొద్ద నిలుచుండి తిని, పైకమిచ్చి, ఇండ్లకు పోవుదురు. తినుచున్నది కోడలా, కూతురా యని వింతగా చూచువారుండరు.

ఇవన్నియు తెలిసిన పిదప మాకొక యాలోచన తోచెను. ఆ చిన్నదానిని, అత్తగారిని ఒక ఆదివారము నాలుగు గంటలకు టీకి పిలిచి, ఆ దేశపు చిరుతిండ్లను మన సరకులతోనే చేసి పెట్టవలెననుకొంటిమి. మా యింట మాంసము, గ్రుడ్డు లేవు గావున వానితో చేయునవి విడిచితిమి. చేసినవి యివి.

మొదటిది ఉల్లికాడల రొట్టె. రెండు కప్పుల పిండిలో (వారు మైదా వాడుదురు, మేము సగము గోధుమపిండి కలిపితిమి) ముప్పాతిక కప్పు వేడినీరు కొంచెము కొంచెముగా పోయుచు మెత్తగా పిసికి అరగంట మూసియుంచవలెను. నిమ్మకాయంత ముద్దను పలుచగా ఒత్తి, నూనె పూసి, ఉప్పు చల్లి, సన్నగా తరిగిన ఉల్లికాడలు పరచి, చాపవలె చుట్టవలెను. ఆ చుట్టను నత్తగుల్లవలె తిరుగజుట్టి మరల నొత్తి, పెనముమీద నూనెతో నిదానముగా కాల్చవలెను. దింపిన వెంటనే రెండు చేతులతో ప్రక్కలనుండి నొక్కినచో పొరలు విడును. పరోటా చేయు చేతికి ఇది క్రొత్త విద్య కాదు.

రెండవది గెణుసుగడ్డ యుండలు. ఉడికించి మెదిపిన గడ్డ రెండు పాళ్ళు, కర్రపెండలపు పిండి ఒక పాలు, తీపికి చాలినంత చక్కెర కలిపి, నీరు పోయక పిసికి, గోలీలంత యుండలు చేయవలెను. నూనె మిక్కిలి కాగకముందే వేయవలెను. అవి తేలిన పిదప చిల్లుల గరిటెతో బాండలి యంచుకు మెల్లగా నొత్తి విడువవలెను. ఒత్తినప్పుడు అణగి, విడిచినప్పుడు ఉబ్బును. ఇట్లు నాలుగైదు మారులు చేసినచో లోపల డొల్లయై, పైన కరకరలాడుచు, బంతులవలె నగును. మంట హెచ్చినచో ఉబ్బకముందే మాడును. ఓర్పే దీనిలోని మసాలా.

మూడవది వేరుసెనగ చుట్ట. అచట వేరుసెనగ పాకపు దిమ్మను వడ్రంగి చిత్రిక పట్టినట్లు పట్టి, ఆ పొడిని పలుచని రొట్టెపై చల్లి, పైన ఐసుక్రీము పెట్టి, కొత్తిమీర వేసి చుట్టి యిత్తురు. తీపిలో కొత్తిమీర యేమని మేమును ముక్కు విరిచితిమి. తిన్న పిదప విరిచిన ముక్కు సరియైనది. మనము పల్లీపట్టీని రోటిలో నలుగగొట్టి, పలుచని చపాతిలో వేసికొన్న చాలును.

ఇవిగాక జపాను వారి కాలమున ఆ దీవికి వచ్చిన చక్రపు బిళ్ళలు కలవు. గుంతల పెనములో పిండి పోసి, నడుమ ఎఱ్ఱ చిక్కుళ్ళ పూర్ణము పెట్టి, రెండు బిళ్ళలు కలిపి యతికింతురు. మన పొంగణాల పెనము, అలసందల పూర్ణము దీనికి చక్కగా సరిపోవును.

కడపటిది ముత్యాల టీ. ఇది 1980 తరువాతి దశాబ్దమున పుట్టినది. తైచుంగ్ పట్టణములోని యొక టీ యంగడియు, తైనాన్ పట్టణములోని యొక టీ యంగడియు "మేము మొదట కనిపెట్టితి"మని యేండ్ల తరబడి వ్యాజ్యమాడిరి. 2019లో న్యాయస్థానము ఇది యెవరైనను చేసికొనదగిన పానీయమేగాని ఒకరి సొత్తు కాదని తేల్చెను. అందుచే మనమును నిర్భయముగ చేసికొనవచ్చును! ఆ ముత్యములు కర్రపెండలపు పిండితో చేసినవి. మన పెద్దాపురము, సామర్లకోట ప్రాంతములలో సగ్గుబియ్యము చేయునది ఆ దుంపతోనే. పావు కప్పుకంటె కొంచెము హెచ్చు నీటిలో మూడు చెంచాల బెల్లము వేసి మరగించి, వడకట్టి, ఒక కప్పు పిండిలో వేడివేడిగా పోసి పిసికి, సెనగలంత యుండలు చేయవలెను. మరుగునీటిలో ఇరువది నిమిషములు ఉడికించి, మూతపెట్టి మరి యిరువది నిమిషములుంచి, చల్లనీట కడిగి బెల్లపు పాకములో వేయవలెను. పిండి దొరకనివారు పెద్ద సగ్గుబియ్యమును నానబెట్టి అద్దమువలె నగువరకు ఉడికించిన చాలును.

రెండు జాగ్రత్తలు. బెల్లపు పాకమును మరుగుచున్న పాలలో పోసినచో పాలు విరుగును. గ్లాసు అడుగున పాకము, ముత్యములు వేసి, కొంచెము చల్లారిన టీ పైన పోయవలెను. అయిదేండ్లలోపు బిడ్డలకు ముత్యము లీయరాదు, గొంతున అడ్డుపడును. చక్కెర వ్యాధి గలవారికి బెల్లమైనను చక్కెరయైనను ఒకటే; వారికి ముత్యములు లేని చప్పని టీయే మేలు. ఆ దేశమునందు సాధారణముగ టీ త్రాగువారు పాలును చక్కెరయు వేయకయే త్రాగుదురు.

ఆదివారము వచ్చెను. అత్తగారు ముందు, కోడలు వెనుక వచ్చిరి. ఆమెకు అరువదేండ్లుండవు, ఎండలో పనిచేసిన శరీరము. అరుగుమీదనే కూర్చుండి, "నేనేం తిననమ్మా అయివోరమ్మా, టీనీళ్ళు చాలు," అనెను. మేము వాదింపక, పచ్చి సరకులనే పళ్ళెములో పెట్టి ముందుంచితిమి. గెణుసుగడ్డ, వేరుసెనగ, బెల్లము, సగ్గుబియ్యము, ఉల్లికాడలు.

"తైవాను వారి తిండి యిదే పెద్దమ్మా. ఇందులో మీకు తెలియనిది ఏదో చూపండి," అంటిమి.

ఆమె గెణుసుగడ్డను త్రిప్పి చూచి, "ఇది మన చేలో పండేదే కదా!" అనెను. గెణుసుగడ్డ, వేరుసెనగ, కర్రపెండలము, ఈ మూడును మొదట అమెరికా ఖండములవియే యనియు, ఓడలమీద వారికిని మనకును వచ్చి యిరువురి యిండ్లలోను పుట్టుబిడ్డలైనవనియు చెప్పితిమి. నమ్మెనో లేదో గాని ఒక యుండ నోట వేసికొనెను. రెండవది అడుగకయే తీసికొనెను.

ఇంతలో కోడలు అలవాటున లోపలికి పోయి గిన్నెలు కడుగబోయెను. "నువ్వూ కూర్చో తల్లీ" అని పిలిచితిమి. పిల్ల అత్త ముఖము చూచెను. అత్త, "దానికెందుకు, తర్వాత తింటదిలే," అనెను. అప్పుడు మేము మా విద్యను బయటికి తీసితిమి. అతిథులకంటె ముందే క్రొత్త కోడండ్రకును, కన్నియలకును, రోగులకును, గర్భవతులకును సంశయింపక అన్నము పెట్టవలెనని మనుస్మృతి మూడవ యధ్యాయమున నున్నదని చెప్పితిమి. ఆమె మా ముఖమువంక తేరిచూచి, "శాస్త్రాలు మీకు తెలుసమ్మా, మాకేం తెలుసు," అని టీ గ్లాసు క్రింద పెట్టెను. ఆ మాటలోని చల్లదనము మాకు తగిలినది. చదివినది చూపి గెలువబోయి ఓడితిమి.

కొంతసేపెవరును మాటలాడలేదు. ఆమె పల్లీపట్టీ ముక్క నొకటి తీసికొని వ్రేళ్ళతో నలుపుచు, వాసన చూచి, తనలో తాననుకొన్నట్లు చెప్పసాగెను.

"చెనిక్కాయలు వొలిచే కూలికి పొయ్యేదాన్ని, పెళ్ళైన కొత్తల్లో. దినమంతా వొలిచినా వొక గింజ నోట్లో వేసుకోకూడదు. ఆకలికి తట్టుకోలేక వొగరోజు పది గింజలు తిన్నా. ఇంటికి పొయ్యేతలికి మా అత్త గడపలో నిలబెట్టి నోరు తెరవమని వాసన చూసింది. తిన్న గింజలకి కూలి పట్టుకుంటారు, నీ అబ్బ ఇస్తాడా అని తిట్టింది. అప్పుటినించీ చెనిక్కాయలు నా నోటికి సయించవు."

కోడలు గుమ్మములోనే నిలిచి వినుచుండెను. తన యత్తగారు ఒకప్పుడు కోడలని ఆ పిల్లకు ఆనాడే తెలిసినట్లుండెను. ఆమె కోడలివైపు చూడలేదు. చేతిలోని ముక్కను పళ్ళెములో పెట్టి, ఆ పళ్ళెమును చాపమీద కొంచెము దూరము జరిపెను. "కూర్చో," యని మాత్రమనెను. పిల్ల కూర్చుండెను. మేమును కూర్చుంటిమి. ఆనాడు మా వారే టీ పోసిరి. ఒక గ్లాసు పొంగి చాపమీద పడినను ఎవరును మందలింపలేదు.

ఇట్లు వ్రాసి, తరువాత అంతయు సుఖమే యని ముగించుటకు మాకు మనసొప్పదు. జీతపు కార్డు ఇంకను అత్తగారి పెట్టెలోనే యున్నది. అది యొక టీతో తీరు వ్యవహారము కాదు. ఆ పిల్లయే నోరు తెరచి యడుగవలసిన దినము రావలెను, ఆ దినమున మేము ఆమె ప్రక్కన నిలువవలెను. కాని మా యరుగుమీది స్తంభము చాటు ఇప్పుడు ఖాళీగా నున్నది. మొన్న బస్సు దిగి పోవుచున్న పిల్లను ఆపి యడుగగా, "గూట్లో డబ్బాలో ఏదో వొకటి పెట్టి ఉంటాదక్కా. బొరుగులో, అట్టు ముక్కో. ఏం చెప్పదు. పెట్టి ఉంటాది," అని నవ్వెను.

మా యింటను ఒక మార్పు జరిగినది. ఆడుబిడ్డ వీధిలో తినరాదని మా పాపకు చెప్పిన మాటను మేమే వెనుకకు తీసికొంటిమి. "ఆకలైన చోట కూర్చుండి, నలుగురికి కనబడునట్లు, నిదానముగా నమలి తినుము. తినుచున్నవారెవరైన ప్రక్కనున్నచో కొంచెము జరిగి చోటిమ్ము" అని చెప్పితిమి.

సోదరీమణులారా, ఉల్లికాడల రొట్టె మీకు కుదురక పోవచ్చును, ముత్యములు గట్టిపడవచ్చును. దానికేమి, రెండవమారు కుదురును. నాలుగు గంటలకు టీ గ్లాసులు వరుసగా పెట్టునప్పుడు లెక్క మాత్రము తప్పకుడు. ఇంటిలో నెందరున్నారో అన్ని గ్లాసులు పెట్టుడు. ఆ లెక్కలో మీది యొకటి, మీ కోడలిది యొకటి యున్నవో లేవో చూచుకొనుడు. వేడి చల్లారకముందే కూర్చుండి త్రాగుడు.

మీ యూర నాలుగు గంటలకు ఏమి చేసికొందురో, ఎవరితో కూర్చుండి తిందురో మాకు వ్రాయుడు. వచ్చు నెల ఆ వంటలతో మరల కలిసికొందము.